ఛాయాయంత్రములు – వాని గణితము

 నేటి ప్రసంగవిషయము నీడ. సూర్యుని నీడను గొలిచి కాలమును దెలిసికొనుట మన గ్రామములలో క్రొత్త సంగతి కాదు. మీలో పెద్దలైనవారు పొలముగట్టున నిలుచుండి అడుగులతో నీడను గొలిచియే యుందురు. అయినను ఆ నీడకు గల లెక్క యేది, దానిని మన పూర్వులెట్లు కట్టిరి, చెన్నపట్టణమున దొరలెట్లు కట్టిరి, కొలదికాలము క్రిందట కంప్యూటరను యంత్రమునకు మేము దాని నెట్లు నేర్పితిమి అను చరిత్రను మీ ముందుంచవలెనని నా కోరిక. చరిత్రకు ముందొక తగవును జెప్పెదను.

ఇది మా తాతగారు చెప్పగా వినిన మాట. చిత్తూరు సీమలో మా యూరికి దాపున అన్నదమ్ములిద్దరికి ఒక బావి ఉమ్మడిగా నుండెను. కపిల తోలి మళ్లకు నీరు పెట్టుకొను దినములవి. చైత్రమాసమున పెద్దమనుష్యులు రచ్చబండపై గూర్చుండి వంతులు తీర్చిరి. తెల్లవారినది మొదలు అన్న కపిల తోలవలెను, మనుష్యుని నీడ వాని పాదముతో ఐదడుగులకు తగ్గినంతనే తమ్ముని ఎద్దులు రావలెను, ఇది తీర్పు. చైత్ర వైశాఖములలో ఇది చక్కగా నడచినది. తొమ్మిదిన్నర గంటల ప్రాంతమునకే నీడ ఐదడుగులకు వచ్చుచుండెను. కార్తికము దాటినది. నీడ దినదినమును పెరుగజొచ్చినది. మార్గశిరమున నడిమధ్యాహ్నమున గొలిచినను ఐదడుగుల పైచిల్లరగానే యుండెను. ‘నీడ ఐదడుగులకు రాలేదు గదా, నా వంతు ముగియలేదు’ అని అన్న సాయంకాలము వరకు ఎద్దులను విప్పలేదు. తమ్ముని మడిలో నారు ఎండినది. కఱ్ఱలు లేచినవి.

ఇందు అన్నగారి మాటను మోసమని త్రోసివేయుటకు వీలులేదు. తప్పు తీర్పరులది, అదియును ధర్మమున గాదు, గణితమున. మనుష్యుని యెత్తు వాని పాదముతో దాదాపు ఏడడుగులు. తిరుపతి ప్రాంతమున సూర్యుడు ఏప్రిల్ నెల 26, 27 తేదీలలో మధ్యాహ్నమున సరిగా నడినెత్తికి వచ్చును. నాడు నిటారుగా నిలిచిన దేనికిని మధ్యాహ్నమున నీడ లేదు. డిసెంబరు చివర అదే సూర్యుడు మధ్యాహ్నమున నడినెత్తికి 37 భాగములు దక్షిణముగా నుండును. భాగములనగా నేటి పిల్లలు డిగ్రీలనునవి. అప్పుడు ఏడడుగుల మనుష్యునకు మధ్యాహ్నపు నీడయే ఐదడుగులకు పైగా మరి మూడవ వంతు వచ్చును. ఐదడుగుల నీడ ఆ దినములలో ఎన్నటికిని రాదు. రాని నీడకొరకు తమ్ముడెట్లు కాచుకొనును? చివరకు ఒక పురోహితుడు గడియకుడుకను దెచ్చి నీటిపై విడిచి, పది కుడుకలు మునుగువరకు అన్నదనియు తరువాత తమ్మునిదనియు నిర్ణయించి తగవు తీర్చెనట.

నీడతో కాలము నిర్ణయించువాడు ఋతువును గూడ లెక్కలో వేసికొనవలెననుట మన ప్రాచీనులకు బాగుగ దెలియును. కౌటిల్యుని అర్థశాస్త్రమున నీడ పొడవునుబట్టి పగటిలో ఎన్నవ భాగము గడచినదో చెప్పు ప్రకరణమున్నది. ఆరవ శతాబ్దమునాటి వరాహమిహిరుని పంచసిద్ధాంతికయందు, చూచిన నీడలోనుండి ఆనాటి మధ్యాహ్నపు నీడను దీసివేసి లెక్కింపవలెనను పద్ధతి గలదు. మన తీర్పరులు ఆ యొక్క తీసివేతను మరచిరి. నారు ఎండినది.

ఇక శాస్త్రమునకు వత్తము. సూర్యసిద్ధాంతమున త్రిప్రశ్నాధికారమను నధ్యాయము గలదు. దిక్కేది, దేశమేది, కాలమేది అను మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పునది గనుక దానికా పేరు. సాధనమొక్కటే, పండ్రెండంగుళముల శంకువు. నీటిమట్టముతో సమముచేసిన నేలపై వృత్తము గీచి, నడుమ శంకువును నిలుపుదురు. ఉదయమున నీడకొన వృత్తమును దాకి లోనికి వచ్చుచోట ఒక గుర్తు, అపరాహ్ణమున అదే కొన వృత్తమును దాకి వెలికి పోవుచోట ఇంకొక గుర్తు పెట్టుదురు. ఆ రెంటిని గలిపిన గీత తూర్పుపడమరలు. ఆ రెండు గుర్తులు కేంద్రములుగా రెండు వృత్తఖండములను గీచినచో నడుమ చేప యాకారము ఏర్పడును. ఆ మత్స్యము ముఖమునుండి తోకకు గీచిన గీత ఉత్తరదక్షిణములు. సూదంటురాయి చూపునది నిజమైన ధ్రువోత్తరము గాదు. ఈ చేప చూపునదే నిజము.

చేప యనగానే మన నాగలాపురము జ్ఞాపకము వచ్చుచున్నది. అక్కడ వేదనారాయణస్వామి మత్స్యరూపమున వెలసియున్నాడు. శ్రీకృష్ణదేవరాయలు తన తల్లి నాగలాంబ పేరిట ఏర్పరచిన యూరది. నేడు తిరుపతి జిల్లాలో జేరినది. ఆలయము పడమటి ముఖముగా నున్నది. ప్రతి సంవత్సరము మార్చి నెల చివరి భాగమున మూడు సాయంకాలములు అస్తమించు సూర్యుని కిరణములు గోపురద్వారమునుండి లోనికి వచ్చి, మొదటినాడు స్వామి పాదములమీదను, రెండవనాడు నాభిమీదను, మూడవనాడు ముఖముమీదను బడును. దీనినే సూర్యపూజయందురు. గోపురమునుండి గర్భాలయమునకు దూరము 630 అడుగులని చెప్పుదురు. విషువద్దినము, అనగా పగలును రాత్రియు సమముగానుండు దినము, మార్చి 20, 21 తేదీలలో వచ్చును. ఆ దినమున సూర్యుడు సరిగా పడమట గ్రుంకును. తరువాత దినమునకు సుమారు 24 కలలు, అనగా భాగములో ఐదింట రెండువంతులు, ఉత్తరమునకు జరుగును. అంత స్వల్పమైన కదలికను అంత పొడవైన ఆలయమున గనబడునట్లు కట్టిన స్థపతి త్రిప్రశ్నమెరిగినవాడని నా యభిప్రాయము. మత్స్యమూర్తి యాలయమున మత్స్యగణితము ప్రయోగింపబడినదని మాత్రము నేననుటలేదు. అది పురోహితుల చమత్కారమునకు వదలుదము.

త్రిప్రశ్నమున మరియొక ముఖ్యమైన మాట పలభ. విషువద్దినమున మధ్యాహ్నపువేళ పండ్రెండంగుళముల శంకువునకు పడు నీడ పొడవే పలభ. ఇది యూరూరికి మారును. ఉత్తరమునకు బోయినకొలది పెరుగును. తిరుపతి అక్షాంశము 13 భాగముల 39 కలలు. దానికి పలభ 2 అంగుళముల 55 వ్యంగుళములు. కాశివానికి మన పలభ పనికిరాదు, మనకు కాశివాని పలభ పనికిరాదు. పంచాంగము కట్టువాడు మొదట ‘మీ యూరి పలభ యెంత’ అని యడుగుట అందుకొరకే. నేను చెప్పబోవు కథయంతయు ఈ యొక్క ప్రశ్న చుట్టునే తిరుగును.

జయపురమున మహారాజు సవాయి జయసింహుడు పదునెనిమిదవ శతాబ్దమున కట్టించిన సమ్రాట్ యంత్రమును మీలో యాత్రలకు బోయినవారు చూచియుందురు. తొంబదియడుగుల యెత్తుగల ఆ మెట్లగోడ పైయంచు భూమి యిరుసునకు సమాంతరముగా ధ్రువునివైపు ఎత్తబడియున్నది. ఇరుప్రక్కల చక్రపు ముక్కలవంటి కట్టడములపై నీడ నిమిషమునకు నాలుగు వ్రేళ్ల వెడల్పు నడచును. చూచువాని కంటికే నడుచుచున్నట్లు గనబడును. ఆ చక్రము విషువద్వృత్తముతో సమముగా నుండుటచే గంటల గీతలు సమదూరములో నుండును, లెక్కకు కష్టములేదు. కష్టమంతయు నేలమీద పరచిన పలకపై గీతలు గీయుటలో నున్నది. అక్కడ గంటల గీతలు సమముగా నుండవు. ఎంత అసమముగా నుండునో ముందు జెప్పెదను.

దొరల కాలమున చెన్నపట్టణమున నక్షత్రశాల 1792లో కట్టబడినది. అందలి దూరదర్శినికి ఆధారముగా నిలిపిన నల్లరాతి స్తంభముపై, వేయేండ్ల తరువాతి వారికిని దెలియవలెనని, ఆ శాల స్థాపనమును గూర్చి పలుభాషలలో చెక్కించిరి. అందు తెనుగును గలదు. మన భాష ఖగోళశాస్త్రపు రాతిమీద నుండుట నాకెప్పుడును సంతోషకారణమే. ఆ శాలలో నిర్ణయించిన చెన్నపట్టణపు కాలమే చిరకాలము రైళ్లకు ప్రమాణమైనది. గ్రీనిచ్చి కాలమునకు అది 5 గంటల 21 నిమిషములు ముందు. 1906 జనవరి 1వ తేదీనుండి దేశమంతటికి గ్రీనిచ్చికంటె ఐదున్నర గంటలు ముందున్న కాలము వచ్చినది. ఆనాటినుండి మన జేబుగడియారములకును మన సూర్యునికిని సంబంధము తెగినది. ఈ సంగతి మరల వచ్చును.

తెలుగువారును ఊరకుండలేదు. విశాఖపట్టణమున గోడే వేంకటజగ్గారావుగారు 1840లో తమ సొంత వేధశాలను నిర్మించిరి. చెన్నపట్టణపు వేధశాలాధికారియైన టెయిలరుగారి యొద్ద ఆయన శాస్త్రమభ్యసించెను. తరువాత ఆయన అల్లుడు అంకితము వేంకటనరసింగరావుగారు ఆ శాలను నడపిరి. ఇక నీడగడియారముల విషయమున తెలుగుదేశమున పేరుపొందినది అన్నవరపు కొండమీదిది. సత్యనారాయణస్వామి సన్నిధానమున 1943లో పిడపర్తి కృష్ణమూర్తిశాస్త్రిగారు దానిని రూపొందించిరి. ఆ యూరి అక్షాంశము సుమారు పదునేడుంబావు భాగములు. దాని రేఖాంశమున ఒక యదృష్టమున్నది. దేశకాలమునకు ఆధారమైన 82½ భాగముల రేఖ కాకినాడ సమీపమున బోవుచున్నది. అన్నవరము దానికి మిక్కిలి దగ్గర. అందుచే అక్కడ సూర్యునికిని చేతిగడియారమునకును దేశాంతరముచే వచ్చు భేదము అరనిమిషమును లేదు. మనకో, పండ్రెండు నిమిషములకు మించి యున్నది. శాస్త్రిగారి కాలమున యంత్రములు లేవు. జ్యోతిర్గణితము, కాగితము, ఓర్పు; అంతే.

ఇప్పుడు నా సొంత కథ. 1984లో కేంద్రప్రభుత్వము పాఠశాలలలో కంప్యూటరు పరిచయమునకై ‘క్లాస్’ అను పథకమును బ్రారంభించి, మొదట దేశమునందు సుమారు 250 పాఠశాలలను ఎంచినది. ఇంగ్లండున తయారైన ‘బి.బి.సి. మైక్రో’ యను యంత్రములు వచ్చినవి. చూచుటకు టైపుకొట్టు మిషనువలె నుండి, తెరగా టెలివిజను పెట్టె యుండెను. నేను అప్పుడే తెలుగు పండితుడుగా కొలువులో జేరినవాడను. యంత్రపు గదిలోనికి చెప్పులు విడిచి పోవలెను. దేవుని గదియందుకంటె అక్కడనే నియమము మెండు. ఆ యంత్రమునకు దెలిసిన భాష ‘బేసిక్’.

ఆ భాష పుట్టుకను గూర్చి రెండు మాటలు. కంప్యూటరునకు మనుష్యుడు సూత్రములను సూత్రములుగానే చెప్పగల భాషలలో మొదట ప్రబలినది ‘ఫార్ట్రాన్’. అమెరికాలో ఐ.బి.యమ్. కంపెనీవారి 704 యను యంత్రముకొరకు జాన్ బాకస్ అను నాయన, ఆయన సహాయులును గలిసి 1957లో దానిని వెలువరించిరి. పేరునకు అర్థము సూత్రానువాదము. చిల్లులు గొట్టిన అట్టలమీద, అట్టకు ఎనుబది గడులుగా, ఆజ్ఞలను వ్రాయవలెను. మొదటి యైదు గడులు సంఖ్యకు, ఆరవది పై వాక్యము కొనసాగినదనుటకు, ఏడవగడినుండి డెబ్బదిరెండవ గడివరకు వాక్యము. యతి తప్పిన పద్యమును మా గురువుగారు త్రిప్పికొట్టినట్లు, గడి తప్పిన వాక్యమును యంత్రము త్రిప్పికొట్టును. మన దేశమున కాన్పూరు ఐ.ఐ.టి.కి 1963లో ఐ.బి.యమ్. 1620 యంత్రము వచ్చినప్పటినుండి విద్యార్థులనేకులు ఈ అట్టలతోనే అభ్యాసము చేసిరి. ఈ బాకసుగారు భాషాస్వరూపమును నిర్వచించుటకు ఏర్పరచిన పద్ధతి పాణిని సూత్రపద్ధతిని బోలియున్నదనియు, దానికి పాణిని పేరును జేర్పవలెననియు 1967లో ఇంగర్మన్ అను పండితుడు వ్రాసెను. పేరు నిలువలేదు గాని మాట సత్యము. బేసిక్ భాషను 1964లో డార్ట్‌మత్ కళాశాలలో కెమెనీ, కర్ట్జ్ అను ఇరువురు గణితాచార్యులు, గణితమెరుగని విద్యార్థులకును సుబోధముగా నుండవలెనని కల్పించిరి. నావంటివానికొరకే యనుకొనుడు.

మా పాఠశాల ముంగిట అంతకుముందే సిమెంటుతో కట్టిన నీడగడియార మొకటి యుండెను. పూర్వమెవరో ఆంగ్లగ్రంథమునందలి బొమ్మను జూచి, కోణములను గూడ ఆ బొమ్మనుండియే కొలిచి కట్టించిరి. ఆ గ్రంథము లండను నగరమునకు వ్రాసినది. లండను అక్షాంశము ఏబదియొకటిన్నర భాగములు, మనది పదుమూడున్నర పైచిలుకు. అందుచే అది మధ్యాహ్నమున దప్ప ఏ గంటకును సరిపడకుండెను. పరుల పలభతో మన నీడను గొలిచిన ఫలము. పిల్లలు దానిపై బలపములు నూరుకొనుచుండిరి. గణితోపాధ్యాయుడు మిత్రుడు. ఆయనతో నేను, ‘అయ్యా, ఆ యంత్రమునకు త్రిప్రశ్నము చెప్పి చూతమా?’ అంటిని. ఆయన నవ్వెను గాని కాదనలేదు.

నేలమీది పలకకు సూత్రమిది. మధ్యాహ్నమునుండి ఎంత కాలము తొలగితిమో దానిని నతకాలమందురు. గంటకు పదునైదు భాగములు. ఆ నతభాగముల స్పర్శజ్యను అక్షాంశపు జ్యచే గుణించినచో, మధ్యాహ్నరేఖనుండి ఆ గంట గీత యెంత కోణమున నుండవలెనో దాని స్పర్శజ్య వచ్చును. ఇంతే. దీనిని బేసికులో ఐదు పంక్తులలో వ్రాసితిమి. పంక్తులకు 10, 20, 30 అని సంఖ్యలు వేయుదురు, నడుమ మరచినది తరువాత దూర్చుటకు వీలుగా. పదవ పంక్తిలో అక్షాంశము. ఇరువదవ పంక్తిలో నతభాగములను 15 మొదలు 75 వరకు, 15 చొప్పున పెంచుకొని రమ్మని ఆజ్ఞ. ముప్పదవ పంక్తిలో సూత్రము. నలుబదవ పంక్తిలో ముద్రింపుమనుట. ఏబదవ పంక్తిలో వెనుకకు మరలి రెండవ గంటను బట్టుమనుట.

యంత్రము క్షణములో జవాబు చెప్పినది. మధ్యాహ్నము ఒంటిగంట గీతకు ఋణసంఖ్య వచ్చినది! అనగా తూర్పునకు పడవలసిన నీడ పడమటికి బడునన్నమాట. సూర్యుడు వెనుకకు నడచిన దినము యుగములో ఒక్కటియు లేదు. గణితోపాధ్యాయుడు సూత్రమును సందేహించెను, నేను యంత్రమును సందేహించితిని. రెండు దినములు వాదము జరిగినది. తప్పు నాది. సంఖ్యలను మీటలపై కొట్టినవాడను నేనే. ఆ యంత్రము కోణమును భాగములలో గాక ‘రేడియను’ అను మానములో మాత్రమే గ్రహించునని పుస్తకమున ఉండగా నేను చదువలేదు. 15 భాగములని నేనన్నది దానికి 15 రేడియనులుగా వినబడినది. అనగా రెండు చుట్లు తిరిగి ఇంకను పోయినది.

రేడియనననేమని అడిగితిని. వృత్తపు వ్యాసార్ధమెంతయో పరిధిపై అంత పొడవు తీసికొన్నచో దానికి ఎదురుగా కేంద్రమున ఏర్పడు కోణమని మిత్రుడు చెప్పెను. భాగములలో సుమారు ఏబదియేడు, కలలు పదునెనిమిది. నేను వ్రేళ్లపై గుణించుకొంటిని. ఏబదియేడును అరువదిచే హెచ్చించి పదునెనిమిది కలిపిన మూడువేల నాలుగువందల ముప్పదియెనిమిది. ఒడలు గగుర్పొడిచినది. 3438! ఇది ఆర్యభటుని త్రిజ్య గదా! క్రీస్తుశకము 499 నాటి ఆర్యభటీయమున ఇరువదినాలుగు జ్యాభేదములను అక్షరసంజ్ఞలతో చెప్పెను. మొదటిది ‘మఖి’, అనగా 225. అవి యన్నియు గలిపిన కడపటి జ్య, అనగా త్రిజ్య, 3438. వృత్తపరిధిని 21,600 కలలుగా జేసి, అవే కలలతో వ్యాసార్ధమును గొలిచినచో వచ్చు సంఖ్య అది. చాపమును, జ్యను ఒకే కొలతబద్దతో గొలుచుట ఆయన పద్ధతి. రేడియనుయొక్క ప్రాణమును అదియే. మా గురువుగారి యొద్ద బాల్యమున నేను ఊరక వల్లించిన సంఖ్యకు అర్థము, ఇరువదియైదేండ్లు దాటిన పిదప, ఇంగ్లండు యంత్రము నన్ను తప్పుపట్టగా దెలిసినది.

ముప్పదవ పంక్తిని దిద్దితిమి. ఇక వచ్చిన సంఖ్యలను వినుడు. మధ్యాహ్నరేఖనుండి ఒంటిగంట గీత 3 భాగముల 37 కలలు. రెండింటిది 7 భాగముల 46 కలలు. మూడింటిది 13 భాగముల 17 కలలు. నాలుగింటిది 22 భాగముల 14 కలలు. ఐదింటిది 41 భాగముల 22 కలలు. ఆరింటిది 90 భాగములు. ఉదయపు గంటలకును ఇవే, రెండవ ప్రక్కన. చూచితిరా! మధ్యాహ్నమునుండి మూడుగంటల కాలము పదుమూడు భాగములలో ఇరుకుకొనియున్నది. ఐదింటికిని ఆరింటికిని నడుమనో, నలుబదియెనిమిది భాగములకు పైగా మైదానము. లండనులో మూడింటి గీత ముప్పదియెనిమిది భాగములకు వచ్చును. మా ముంగిటి సిమెంటు గడియారమున మూడింటి గీత అక్కడనే యున్నది! నీడ విషువద్రేఖకు దగ్గరగా వచ్చినకొలది ఇట్లు ఇరుకగును. మన సీమకు ఇది సుఖమైన యంత్రము గాదు. జయసింహుని చక్రమే మేలు. కాని మాకు దొరికినది చదునైన బండ.

ఇంకొక వినోదము చేసితిమి. ఇరువదవ పంక్తిలోని సంఖ్యలను కొట్టివేసి 6 మొదలు 6 చొప్పున అని వ్రాసితిమి. గంటకు రెండున్నర గడియలు, గడియకు ఆరు భాగములు గదా. వెంటనే గడియల గీతలు వచ్చినవి. మొదటి గడియ 1 భాగము 25 కలలు, పదునాలుగవ గడియ సుమారు 66 భాగములు. ఒక్క పంక్తి మార్చినంతనే దొరగారి గడియారము మన గడియారమైనది. అయితే ఇవి మధ్యాహ్నమునుండి లెక్కించు నతఘటికలు. పంచాంగమునందలి ఘటికలు సూర్యోదయము మొదలు లెక్కించునవి. ఈ రెంటిని కలగలుపరాదు.

నాలుగడుగుల చదరపు కడప బండ నొకదానిని దెప్పించితిమి. గీతలను రాతిపనివాడు ఉలితో చెక్కెను. మూడింటివరకు గీతలు దగ్గరగా నుండుటచే ఆతడు ‘అయ్యా, ఇది గడియారమా, దువ్వెనా?’ అనెను. కమ్మరి ఇనుపరేకును పదుమూడు భాగముల ముప్పదితొమ్మిది కలల కోణమున ముక్కోణముగా గత్తిరించెను. మన సీమలో ఆ రేకు దాదాపు పడుకొనియే యుండును. ఉత్తరదిక్కును సూర్యసిద్ధాంతపు చేపతోనే సాధించితిమి. వృత్తము గీచి, శంకువు నిలిపి, పిల్లలను ఉదయమునుండి కావలి పెట్టితిని. ఆనాడు పాఠము జరుగలేదు గాని వారు నేర్చుకొన్నంత ఏనాడును నేర్చుకొనలేదు.

మాఘమాసమున, ఫిబ్రవరి నెల నడుమ, ఆ యూరి పెద్ద యొకాయన వచ్చి తన చేతిగడియారమును బండ ప్రక్కన బెట్టి చూచెను. బండ పండ్రెండు చూపుచుండగా గడియారము పండ్రెండు దాటి ఇరువదియారు నిమిషములు చూపినది. ‘ఏమి పంతులూ, ఎద్దుబండికంటె వెనుకబడినదే మీ బండ!’ అని పరిహసించెను. నేను పలకపై వ్రాసి చూపితిని. దేశకాలరేఖకు మనము మూడు భాగములు పైచిలుకు పడమటనున్నాము. దానికి పండ్రెండు నిమిషములు. సూర్యుని నడక యేడాది పొడుగున సమముగా నుండదు. ఫిబ్రవరి నడుమ ఆయన పదునాలుగు నిమిషములు ఆలస్యముగా వచ్చును. రెండును గలిసి ఇరువదియారు. నవంబరు మొదట పదునారు నిమిషములు ముందుగా వచ్చును. అప్పుడు గడియారము పండ్రెండు కొట్టుటకు నాలుగు నిమిషములు ముందే బండ పండ్రెండు చూపును. ఏప్రిల్ 15, జూన్ 13, సెప్టెంబరు 1, డిసెంబరు 25 తేదీల ప్రాంతమున ఈ రెండవ భేదము శూన్యము; పండ్రెండు నిమిషముల దేశాంతరమొక్కటే మిగులును. ఆయన అంతయు విని, ‘అయితే 1906నుండి మన మధ్యాహ్నము మనది కాదన్నమాట’ అని, కొంతసేపు బండను జూచి వెడలిపోయెను. కార్తికమున మరల వచ్చి, చెప్పినట్లే యున్నదని తన గడియారముతో సరిచూచుకొన్నాడు. అంతకంటె యోగ్యతాపత్రము నాకు మరి దొరకలేదు.

ఆ యంత్రములు పది సంవత్సరములైన నిలువలేదు. మీటలు చెడినవి, దిద్దువారు లేకపోయిరి, కొన్నాళ్లకు మూలగదిలో జేరినవి. బేసిక్ భాషను నేడు పాతదందురు, ఫార్ట్రాన్ ఇంకను పాతదందురు. అయినను ఖగోళమున, వాతావరణగణితమున ఫార్ట్రాన్ నేటికిని వాడుకలో నున్నది. ఈ మధ్య నా పూర్వశిష్యుడొకడు సెలవులకు వచ్చినప్పుడు, ఆ యైదు పంక్తుల కాగితము, అంచులకు చిల్లులున్నది, సిరా వెలసినది, నా పెట్టెలో చూచి, దానిని ఫార్ట్రానులో మార్చి, తన క్రొత్త కంప్యూటరులో నడపి చూచెను. ఆరవగడిని తప్పించి ఏడవ గడినుండి వ్రాయు ఆ పాతమడిని నేటి యనువాదకమును అంగీకరించుచున్నది. రేడియను సంగతి ముందే హెచ్చరించితిని. వచ్చిన సంఖ్యలలో కలభేదమైన లేదు. మా యూరి పలభ మారలేదు గదా.

బండ యిప్పటికిని అక్కడనే యున్నది. పడమటి ప్రక్క క్రొత్తగా లేచిన మేడ నీడచే సాయంకాలపు గంటలు దానికి దెలియవు. ఉదయము మొదలు మూడింటివరకు మాత్రము సరిగానే చెప్పును. సాయంకాలపు ఎండ దాకని ఐదింటి గీతకును ఆరింటి గీతకును నడుమ చల్లగా వెడల్పైన చోటున్నది. పిల్లలు అక్కడ తమ అన్నపు డబ్బాలు పెట్టుకొందురు.